పొయ్యి ఆరని ఇల్లు: నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ

హైదరాబాదు నుంచి బీజాపూరు వైపు సాగే పాత బాట మొయినాబాదు, చేవెళ్ల మీదుగా పోతుంది. ఆ దారికి ఇరువైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు తరతరాలుగా బాటసారులకు నీడనిచ్చాయి. వాటిని నాటించినవారు తమ ఇంటివారిని మాత్రమే తలచుకొని నాటించలేదు. ఏ ఊరి నుంచి వస్తారో, ఏ పేరు గలవారో తెలియని వారి కోసం నాటించారు. తిథితో పనిలేకుండా, ముందుగా కబురు పంపకుండా వచ్చేవాడే అతిథి. అటువంటివానికి ఎండలో నీడ ఇవ్వడం చెట్టుకు ధర్మమైతే, ఆకలి వేళ అన్నం పెట్టడం గృహస్థుకు ధర్మం.

ఆ మొయినాబాదు మండలంలోనే, ఉస్మాన్‌సాగర్ చెరువు ఒడ్డున చిలుకూరు బాలాజీ కొలువై ఉన్నాడు. ఏటేటా తిరుమలకు వెళ్లి వచ్చే భక్తుడొకడు అనారోగ్యంతో ఒక ఏడు కదలలేకపోతే, స్వామి కలలో కనిపించి, తానే ఆ చెంతకు వచ్చానని తెలిపాడని స్థలపురాణం చెబుతుంది. భక్తుడు కొండకు వెళ్లలేనప్పుడు కొండలరాయుడే భక్తుని ఊరికి వచ్చాడు. ఇలా దేవుడు వెతుక్కుంటూ వచ్చే చోట్లు లోకంలో మరికొన్ని ఉన్నాయి. వాటికి గోపురం ఉండదు, ధ్వజస్తంభం ఉండదు. ఒక వంటిల్లు, ఒక పొయ్యి, ఒక తల్లి ఉంటే చాలు. అటువంటి ఇంటిని నూరేళ్లకు పైబడిన కాలం కిందట గోదావరి తీరాన నడిపిన మహాతల్లి డొక్కా సీతమ్మగారు. అపర అన్నపూర్ణ అని, నిరతాన్నదాత్రి అని తెలుగువారు నేటికీ చేతులెత్తి నమస్కరించే ఆ గృహిణి జీవితం ప్రతి ఇంటి వంటగదికీ ఒక పాఠం.

బువ్వన్నగారి బిడ్డ

సీతమ్మగారు 1841వ సంవత్సరం అక్టోబరు నెలలో గోదావరి సీమలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరంగారిని ఊరివారు ఆ పేరుతో కంటే బువ్వన్న అనే పేరుతోనే ఎక్కువగా పిలిచేవారు. బువ్వ అంటే పసిపిల్లల భాషలో అన్నం. ఇంటికి వచ్చినవారిని అన్నం తినకుండా పంపని స్వభావమే ఆయనకు ఆ పేరు తెచ్చిపెట్టింది. బిరుదులు ఇచ్చేందుకు రాజులు, సభలు కావాలి. ఈ బిరుదును మాత్రం ఆకలి తీరినవారే ఇచ్చారు.

ఆ రోజుల్లో గోదావరి సీమ స్థితి నేటిలా ఉండేది కాదు. నిండు నది పక్కనే ప్రవహిస్తున్నా పొలాలకు నీరు ఎక్కేది కాదు. ఒక ఏడు వరద, మరొక ఏడు కరువు. 1833 నాటి నందన కరువు ఆంధ్రదేశాన్ని అతలాకుతలం చేసింది. 1821 ప్రాంతంలో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా, సీతమ్మగారు పుట్టిన 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువుకు, రోగాలకు బలైనవారు కొందరు, బతుకుతెరువు వెతుక్కుంటూ వలసపోయినవారు మరికొందరు. ఆకలి అంటే ఏమిటో ప్రతి ఇంటికీ తెలిసిన కాలమది. అటువంటి కాలంలో, అటువంటి సీమలో, ఒక తండ్రి బువ్వన్నగా పేరు పొందడం సామాన్యమైన విషయం కాదు.

సీతమ్మగారి పసితనంలోనే తల్లి కన్నుమూశారు. ఆడుకోవలసిన వయసులోనే వంటింటి బాధ్యత ఆమె చేతికి వచ్చింది. పెద్ద చదువులు చదువుకోలేదు. తండ్రి చెప్పిన పురాణకథలు, పెద్దలు నేర్పిన పాటలు, పద్యాలు, ఇంటికి వచ్చినవారికి వడ్డించే పద్ధతి, ఇవే ఆమె విద్య. వచ్చినవారి ముఖం చూసి ఆకలిని గుర్తించడం ఆ ఇంట్లోనే అలవడింది. ఇంటి వంట అనేది పుస్తకంలో చదివి నేర్చుకొనేది కాదు. ఒక చేతి నుంచి మరొక చేతికి, ఒక తరం నుంచి మరొక తరానికి అందేది. సీతమ్మగారికి పుట్టింటి నుంచి అందిన ఆస్తి అదే.

నదీపాయ పక్కన ఒక గడప

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులుగారు వేదవిద్య ఎరిగినవారు, పొలమూ పుట్రా గల సంపన్న గృహస్థులు. ఒకమారు ప్రయాణంలో భవానీశంకరంగారి ఇంట ఆతిథ్యం స్వీకరించిన జోగన్నగారు, ఆ ఇంటి పద్ధతిని, ఆ బాలిక వినయాన్ని చూసి ముచ్చటపడి వివాహానికి ముందుకు వచ్చారని చెబుతారు. ఒక పూట భోజనంతో కుదిరిన సంబంధమది. సీతమ్మగారు డొక్కావారి కోడలై లంకల గన్నవరంలో అడుగుపెట్టారు.

ఆ ఊరి ఉనికిని గమనిస్తే ఆమె జీవితం అర్థమవుతుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ పరచుకొన్న సీమ కోనసీమ. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ పాయ పక్కనే గన్నవరం ఉంది. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పడవల మీద దాటే బాటసారులకు అది మజిలీ. అంతర్వేదికి, ఇతర క్షేత్రాలకు పోయే యాత్రికులు, పెళ్లిళ్లకు పోయే బృందాలు, సంతలకు పోయే వ్యాపారులు, పనులు వెతుక్కుంటూ వచ్చే కూలీలు ఆ దారినే నడిచేవారు. అన్నం అమ్ముకొనడం తప్పుగా భావించే ఆ కాలంలో పల్లెల్లో పూటకూళ్ల ఇళ్లు అరుదు. పడవ ఆలస్యమైతే, ఏరు పొంగితే, పొద్దు వాలితే, ఆకలితో ఉన్నవారికి ఏదో ఒక ఇంటి గడపే దిక్కు. ఆ దిక్కు డొక్కావారి ఇల్లయింది.

ధవళేశ్వరం వద్ద కాటన్ దొరగారి ఆనకట్ట 1852 నాటికి పూర్తయి, కాలువల నీరు డెల్టా పొలాలకు అందసాగింది. గన్నవరం వద్ద ఏటి మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కూడా ఆ కాలంలోనే వెలిసింది. ఎండిన లంకకు నీరు అందితే పంట పండింది. పండిన పంట అందరి ఇళ్లలోనూ గాదెలకు చేరింది. డొక్కావారి ఇంట మాత్రం గాదెలో నిలవలేదు. గాదె నుంచి పొయ్యి మీదికి, పొయ్యి మీది నుంచి విస్తరిలోకి సాగిపోయింది.

వంటింటి తపస్సు

పదిమంది వస్తారని ముందే తెలిస్తే వంట చేయడం కష్టం కాదు. ఎంతమంది వస్తారో, ఏ వేళకు వస్తారో తెలియకుండా ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండడమే కష్టం. సీతమ్మగారి గొప్పతనం అక్కడ ఉంది. తెల్లవారుజామున వచ్చినా, మధ్యాహ్నం మించాక వచ్చినా, అర్ధరాత్రి తలుపు తట్టినా ఆ ఇంట లేదు అనే మాట వినిపించేది కాదు. పురుళ్లకు వచ్చిన ఆడపడుచును ఆదరించినట్లే, ఎన్నడూ చూడని బాటసారినీ ఆదరించేవారు. కులం అడగలేదు, మతం అడగలేదు. అంటు ముట్టు పట్టింపులు బలంగా ఉన్న ఆ రోజుల్లో, శ్రోత్రియ కుటుంబపు ఇల్లాలు ఆకలికి కులం లేదని ఆచరణలో చూపడానికి ఎంత మనోధైర్యం కావాలో నేడు మనం ఊహించలేం.

ఇటువంటి సిద్ధత ఒక్క పూటలో రాదు. పాతకాలపు తెలుగు వంటిల్లు ఏడాది పొడవునా అతిథి కోసమే పని చేసినట్లుండేది. వేసవిలో ఆవకాయ, మాగాయ జాడీలకు ఎక్కేవి. ఎండలో అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు ఎండేవి. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి ముద్దలు కట్టి దాచేవారు. కందులు విసిరి పప్పు చేసేవారు, కందిపొడి కొట్టి ఉంచేవారు. ధాన్యం ఏడాదిపాటు మాగనిచ్చి, పాతబియ్యం అయ్యాకే వండేవారు. పాతబియ్యం అన్నం ఒదుగుతుంది, మెతుకు విడివిడిగా వస్తుంది, పదిమందికి వండినది పన్నెండుగురికి సరిపోతుంది. పెరట్లో అరటిచెట్లు విస్తళ్లనిచ్చేవి. పాడి ఉంటే చల్లకు కొరత ఉండదు. వానకాలపు రాత్రి తడిసి వచ్చిన బాటసారికి వేడి అన్నంలో కందిపొడి, నేయి, ఊరగాయ, చల్ల వడ్డించగలిగామంటే, దాని వెనుక వేసవి ఎండలో ఆడవారు చిందించిన చెమట ఉంది. ఆ చెమటను తపస్సు అని ఎవరూ అనలేదు. అయినా అది తపస్సే.

గృహస్థుకు శాస్త్రం విధించిన నియమాలు ఇక్కడే గుర్తుకు వస్తాయి. పొయ్యి, విసుర్రాయి, చీపురు, రోలు, నీటికుండ అనే అయిదింటి వల్ల ఇంట్లో తెలియకుండానే ప్రాణిహింస జరుగుతుందని, దానికి ప్రాయశ్చిత్తంగా పంచయజ్ఞాలు చేయాలని మనుధర్మం చెబుతుంది. అందులో అతిథిపూజ మనుష్యయజ్ఞం. నైవేద్యం, వైశ్వదేవం ముగిశాక గృహస్థు తాను భోజనానికి కూర్చునేముందు, ఆవు పాలు పితికేంత సేపు వాకిట నిలిచి అతిథి కోసం ఎదురుచూడాలని విష్ణుపురాణం నిర్దేశించింది. సీతమ్మగారి ఎదురుచూపు అంతటితో ఆగలేదు. ఆమె జీవితమంతా వాకిలి వైపే చూశారు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిలో వరుణుని కుమారుడైన భృగువు తపస్సు చేసి, తొలుత అన్నమే బ్రహ్మమని గ్రహించాడు. ఆ తరువాత ప్రాణాన్ని, మనస్సును, విజ్ఞానాన్ని దాటి ఆనందాన్ని తెలుసుకొన్నాడు. అన్నాన్ని నిందించరాదని, వదిలివేయరాదని, సమృద్ధిగా పెంపొందించాలని, ఆశ్రయం కోరి వచ్చినవారిని ఎవరినీ కాదనరాదని ఆ వల్లి వ్రతాలుగా విధించింది. ఆ వ్రతాలను అక్షరాలా పాటించిన సీతమ్మగారు ఉపనిషత్తు చదివినవారు కారు. వండినవారు, వడ్డించినవారు.

కోనసీమ రుచి, ఇంటి సంస్కారం

అన్నదానం అనగానే అన్నం పెట్టడం ఒక్కటే మనకు స్ఫురిస్తుంది. ఇంటి వంట పెట్టడం అంతకంటే మరో మెట్టు పైది. ఇంట్లోవారికి ఒక వంట, వచ్చినవారికి మరొక వంట అనే భేదం లేనప్పుడే అతిథి ఇంటివాడవుతాడు. కోనసీమ గృహిణులు తరతరాలుగా వండుకొనే వంటలు ఆ నేల నుంచే పుట్టినవి. అరటి, కంద, బచ్చలి, పనస, కొబ్బరి పెరటి పంటలు. శుభకార్యాల్లో తప్పక కనిపించే కంద బచ్చలి కూరనే చూడండి. కంద చెక్కు తీసి ముక్కలు తరిగి, బచ్చలాకు కలిపి మెత్తగా ఉడికిస్తారు. చింతపండు పులుసు పోసి మరికొంత సేపు ఉంచుతారు. ఆ పులుపు కందలోని దురదను హరిస్తుంది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, మిరపకాయలు, అల్లం, ఇంగువ, కరివేపాకుతో పోపు పెడతారు. నూరిన ఆవముద్దను మాత్రం కూర దింపి, కాస్త చల్లారాకే కలుపుతారు. పొయ్యి మీద ఆవ ఉడికితే చేదెక్కుతుంది. ఉల్లి, వెల్లుల్లి లేని ఈ కూర దేవునికి నివేదించదగినది, పదిమందికీ సరిపోయేది, ఖర్చు తక్కువది.

ఈ వంటలో ఒక సంస్కారం దాగి ఉంది. దురద పుట్టించే దుంపను కూడా ఓర్పుతో, పులుపుతో, సమయం తెలిసి చేసే పోపుతో తినదగినదిగా మార్చడం గృహిణి నేర్పు. విసుగుతో వచ్చిన బాటసారిని, అలసటతో కటువుగా మాట్లాడినవానిని కూడా అన్నంతో శాంతింపజేయడం సీతమ్మగారి నేర్పు. రెండింటికీ కావలసినది ఒక్కటే. ఆత్రపడని మనస్సు.

సిరి తరిగిన వేళ

ఏళ్ల తరబడి వచ్చినవారందరికీ పెడుతూ పోతే ఏ సంపదైనా తరగక మానదు. డొక్కావారి ఇంటికీ ఆ పరీక్ష వచ్చిందని చెబుతారు. ఉన్నది తరిగిపోతున్నా సీతమ్మగారు పొయ్యి ఆర్పలేదు, జోగన్నగారు వద్దనలేదు. ఆ సమయంలో జోగన్నగారు పొలంలో తవ్వుతుండగా నాణేలు నిండిన బిందె దొరికిందని, దానితో అన్నదానం మళ్లీ యథాప్రకారం సాగిందని గోదావరి సీమలో కథగా చెప్పుకొంటారు. నమ్మేవారు దానిని లక్ష్మీకటాక్షం అంటారు. ఆ బిందె కంటే విలువైనది మరొకటి ఆ కథలో ఉంది. భార్య చేసే అన్నదానాన్ని భారంగా చూడని భర్త ఉండడమే ఆ ఇంటి నిజమైన నిధి. ఇల్లాలి చేతికి పెట్టే గుణం ఉన్నా, యజమాని కనుబొమ ముడిపడితే ఆ గుణం వంటింట్లోనే వాడిపోతుంది. సీతమ్మగారి కీర్తిలో జోగన్నగారికి సమభాగం ఉందని గోదావరి వాసులు మరువరు.

దేశంలో మరికొన్ని చోట్ల కూడా ఆ శతాబ్దంలోనే ఇటువంటి పొయ్యిలు వెలిగాయి. గుజరాత్‌లోని వీర్‌పూర్‌లో జలారాం బాపా 1820లో సదావ్రతం ప్రారంభించారు. తమిళనాట వడలూరులో రామలింగ స్వామివారు 1867లో ధర్మశాల నెలకొల్పి వెలిగించిన పొయ్యి ఆరకుండా సాగుతోంది. వారు సాధువులు, గురువులు. వారి వెంట శిష్యులు, భక్తసమాజం ఉన్నారు. సీతమ్మగారు మాత్రం ఒక ఇంటి కోడలు. ఆమె వెనుక మఠం లేదు, సంస్థ లేదు, చందాలు లేవు. సంసారం చేస్తూనే, తన వంటింట్లోనే ఆ వ్రతాన్ని నడిపారు. అందుకే ఆమె చరిత్ర గృహస్థులకు మరింత దగ్గరగా తోస్తుంది.

అంతర్వేది దారిలో

సీతమ్మగారి జీవితంలో అందరూ పదే పదే తలచుకొనే ఘట్టం ఒకటి ఉంది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. అంత దగ్గరలో ఉన్న స్వామిని దర్శించుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. అయినా ఇల్లు కదిలితే వచ్చినవారికి ఎవరు వండుతారన్న తలపుతో ఆ కోరిక వాయిదా పడుతూనే వచ్చింది. ఎట్టకేలకు ఒకనాడు పల్లకిలో బయలుదేరారు. దారిలో బోయీలు అలసట తీర్చుకొనేందుకు పల్లకి దింపారు. ఆ పక్కనే ఒక పెళ్లిబృందం సేదదీరుతోంది. అందులోని పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దలు వారిని సముదాయిస్తూ, ఇంకాస్త ఓపిక పడితే గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వస్తుందని, అక్కడ కడుపునిండా అన్నం దొరుకుతుందని చెబుతున్నారు. పల్లకిలో ఉన్నది ఆ సీతమ్మే అని వారికి తెలియదు.

ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. ముందు స్వామి, వెనుక పొయ్యి. ఏనాటి నుంచో కోరుకొన్న దర్శనం కొద్ది దూరంలో ఉంది. తన మీద నమ్మకంతో నడుస్తున్న పసివారి ఆకలి ఎదుటే ఉంది. ఆమె బోయీలను పిలిచి పల్లకి వెనుకకు తిప్పమన్నారు. వారి కంటే ముందుగా ఇల్లు చేరి, వంట చేసి, ఆ బృందం వచ్చేసరికి విస్తళ్లు సిద్ధం చేశారని చెబుతారు.

ఈ ఘట్టాన్ని విని, ఆమె దర్శనం మానుకొన్నారని కొందరు జాలిపడతారు. ఆమె ఏమీ పోగొట్టుకోలేదు. నడవలేని భక్తుని కోసం చిలుకూరుకు కదలివచ్చిన వేంకటేశ్వరుడు, వంటింటిని విడువలేని తల్లి కోసం పెళ్లిబృందంలో పసివాడై రాడా? హిరణ్యకశిపుని సభలో స్తంభం నుంచి వెలువడి, తాను లేని చోటు లేదని ప్రహ్లాదుని మాటను నిజం చేసిన స్వామి నరసింహుడు. ఆ స్వామిని ఆకలిగొన్న బిడ్డలో చూడగలిగిన సీతమ్మగారు గుడి దాకా వెళ్లకుండానే దర్శనం పొందారు. క్షేత్రయాత్ర అవసరం లేదని దీని భావం కాదు. యాత్రకు బయలుదేరేవారు ఇంటి ముంగిట నిలిచిన ఆకలిని దాటిపోరాదని భావం. దేవుని వద్దకు పోయే దారి ఆకలిగొన్నవారి మధ్య నుంచే పోతుంది.

చక్రవర్తి పిలుపు

సీతమ్మగారి పేరు గోదావరిని దాటింది, సముద్రాన్నీ దాటింది. 1903 జనవరి 1న ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకోత్సవాన్ని ఢిల్లీలో దర్బారుగా జరిపారు. ఆ సందర్భంలో ఆమె అన్నదానాన్ని గుర్తించి ప్రభుత్వం ప్రశంసాపత్రం ఇచ్చింది. ఉత్సవానికి రమ్మని ఆహ్వానం వచ్చిందని, ఆమె వినయంగా నిరాకరించారని చెబుతారు. రాజుగారి కోరిక మేరకు జిల్లా అధికారులు ఆమె ఛాయాచిత్రాన్ని తీయించి పంపారని, ఉత్సవంలో దానిని ఒక ఆసనం మీద ఉంచి గౌరవించారని కూడా అంటారు. నేడు మనం చూసే ఆమె చిత్రం అలా తీసినదేనని గోదావరి వాసుల నమ్మకం.

చక్రవర్తి పిలుపును కాదనడానికి ఆమెకు గర్వం కారణం కాదు. నరసింహస్వామి దర్శనానికి పోతూ వెనుదిరిగినామె, చక్రవర్తి దర్శనానికి పొయ్యి వదిలి పోగలరా? దేవుని కోసమే ఆర్పని పొయ్యిని రాజు కోసం ఆర్పరు. అంతర్వేది దారిలో ఆమె చేసిన నిర్ణయాన్ని తెలుసుకొన్నవారికి ఈ నిరాకరణలో ఆశ్చర్యం కనిపించదు. పేరు కోసం పెట్టే అన్నానికి పేరు రాగానే పని తీరుతుంది. ఆకలి చూసి పెట్టే అన్నానికి మరునాటి ఆకలి మళ్లీ పని చెబుతుంది.

ఆరిన దీపం, ఆరని పొయ్యి

1909వ సంవత్సరం ఏప్రిల్ 28న సీతమ్మగారు పరమపదించారు. 67 ఏళ్ల జీవితంలో ఆమె గ్రంథాలు రాయలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. అయినా ఆమె పేరు చెరిగిపోలేదు. గన్నవరం వద్ద పాత అక్విడక్టు శిథిలమై కొత్తది నిర్మించినప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఏటి మీదుగా నీటిని దాటించి ఆవలి లంకను పండించే కట్టడానికి, ఏరు దాటి వచ్చినవారి ఆకలి తీర్చిన తల్లి పేరు ఎంతో తగింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకూ ఆ పేరుతో భోజనం ప్రారంభమైంది. ఆకలితో ఉన్న పసివారిని చూసి పల్లకిని వెనుకకు తిప్పిన తల్లికి ఇంతకంటే తగిన స్మృతిచిహ్నం ఉండదు.

మన ఇంట ఒక విస్తరి

నేడు మహాక్షేత్రాల్లో అన్నప్రసాద వితరణ ఘనంగా సాగుతోంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం తరిగొండ వెంగమాంబ పేరిట వెలసిన భవనంలో నిత్యం వేలాది భక్తులకు భోజనం పెడుతోంది. అటువంటి యజ్ఞాలకు యథాశక్తి విరాళం ఇవ్వడం పుణ్యకార్యమే. అయితే సీతమ్మగారి మార్గం మన చేతి వంటను కోరుతుంది. డబ్బు పంపితే దానం. మన పొయ్యి మీద వండి, మన చేతితో వడ్డిస్తే అది సేవ.

ఆ సేవకు కోనసీమ వంటలే కావాలని నియమం లేదు. చేవెళ్ల, మొయినాబాదు పల్లెలు కూరగాయలను, పూలను పండించి రాజధానికి పంపే సీమ. ఇక్కడి ఇళ్లలో జొన్నరొట్టె చరిచే చేతులున్నాయి, పచ్చిపులుసు కలిపే నేర్పుంది, బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు కలిపి సర్వపిండి తట్టే అలవాటుంది. సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది వండి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు చేసి, చెరువుగట్టు మీద ఒకరికొకరు పంచుకొని తింటారు. ఆ రోజున ఎవరి సద్దినీ ఎవరూ కాదనరు. ఏడాదికి ఒక్క సాయంత్రం చెరువుగట్టున కనిపించే ఆ గుణం నిత్యం మన గడపలోనూ కనిపిస్తే, సీతమ్మగారు మన ఇంటికీ వచ్చినట్లే.

చిలుకూరు స్వామి గుడిలో హుండీ ఉండదని అందరికీ తెలుసు. మొదట 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకొని, నెరవేరాక 108 ప్రదక్షిణలతో మొక్కు తీర్చుకొంటారు. ధనం అడగని స్వామికి మనం ఇవ్వగలిగింది ఏమిటని ఆలోచించే భక్తులు ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు. వారంలో ఒక పూట, ఇంటిల్లిపాదికీ ఇష్టమైన వంటను ఒక మనిషికి అదనంగా వండాలి. ఆ పాలు వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మకైనా, పని కోసం వలస వచ్చిన కూలీకైనా, పరీక్షలకు చదివే బీద విద్యార్థికైనా అందించాలి. పిల్లల చేతనే ఇప్పించాలి. మిగిలినది ఇవ్వడం కాదు, ముందుగా తీసి ఉంచినది ఇవ్వాలి. అమ్మమ్మ చేతి వంట మనవరాలికి అందేటప్పుడు, వండే విధానంతో పాటు పెట్టే గుణమూ అందాలి. వంటకం పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఎవరికి పెట్టాలో మరిచిపోతే ఆ వంటకు అర్థం ఉండదు.

సీతమ్మగారికి ఎవరి పేరూ, ఊరూ తెలియవలసిన అవసరం కలగలేదు. ఆకలి ఒక్కటే ఆమెకు తెలిసిన చిరునామా. రేపు మన తలుపు తట్టేది ఎవరో మనకూ తెలియదు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసి, మనసులో ఆ తల్లిని తలచుకొందాం. ఆ గుప్పెడు బియ్యమే మన ఇంటి నైవేద్యం.